పడవకు పుట్టింటి రేడియో

బచ్చన్నపేట,
4 ఆగస్టు 2025

పడవ వచ్చేసిందా బిడ్డా! నా బిడ్డకు సొంత పడవ!

రుచితా, ముందు ఆ మాట రాసేశాను, ఇక క్షేమ సమాచారాలు. నేను బాగున్నాను. పోస్టుమ్యాన్ చేతిలో ఉండగానే నీ కవరు చింపితే ఫోటో కింద పడింది, వంగి తీసుకునేసరికి నడుము పట్టేసింది. పట్టేస్తే పట్టేయనీ! నీలం రంగు పడవ, ఒక చివర మోటారు, ఇంకో చివర వరుణ్ అల్లుడు, నడుమ నువ్వు, నీ ఒళ్లో దీక్షిత. ఎనిమిదేళ్ల పిల్ల ఊడిన పన్ను దాచుకోకుండా ఎంత నవ్వు నవ్వింది! ఆ ఫోటో కిరాణా దుకాణంలో చూపించాను, పాలకేంద్రంలో చూపించాను. ఆగిన బస్సు ఎక్కి కండక్టరుకు కూడా చూపించాను. "మంచిగున్నది పటేలా, ఇగ జర దిగు, బస్సు లేటయితంది" అన్నాడు.

నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. బోరుబావి మోటారు తప్ప వేరే మోటారు మీద చెయ్యి వేసి ఎరగను. అలాంటివాడి బిడ్డ ఆదివారం పూట సరదాకు చెరువు మీద పడవ నడుపుతుందంటే నాకు అన్నం సహించడం లేదు, సంతోషంతోనే సహించడం లేదు.

కానీ నీ ఉత్తరంలో ఒక్క వాక్యం మాత్రం నాకు నచ్చలేదు. "చెరువు నడుమ రాళ్లగుట్ట దాటితే ఫోను పనిచేయదు బాపూ" అని నవ్వుతూ రాశావు. నవ్వే మాటనా అది? నడి చెరువులో మోటారు ఆగిపోతే ఎవరిని పిలుస్తావు, కొంగలనా? ఛీ, ఈ ఫోన్లు! నాకు ఎట్లాగూ పనికిరావు. కుడి చెవి మొత్తం పోయి, ఎడమది సగం పోయి, ఫోనులో నీ గొంతు నాకు డబ్బాలో కందిరీగ తిరిగినట్టు వినబడుతుంది. అందుకే మనకు ఈ ఉత్తరాలు. చెవులున్న నీకు కూడా పనికిరాకపోతే అది ఉండి ఏం లాభం?

బిడ్డ ఇల్లు కట్టుకుంటే పుట్టింటివాళ్లు బిందె పట్టుకొని పోతారు. పడవ కొంటే ఏం పట్టుకొని పోవాలో మన పెద్దవాళ్లు చెప్పి పోలేదు. నేను చెబుతున్నాను. రేడియో! పాటల రేడియో కాదు. పడవల మీద తిరిగేవాళ్లు చేతిలో పట్టుకొని అటువాళ్లతో ఇటు, ఇటువాళ్లతో అటు మాట్లాడుకునే రేడియో ఒకటి ఉంటుందట. మహబూబాబాద్‌లో ఫోన్ల దుకాణం పెట్టుకున్న మీ సాకేత్ అన్న చెప్పాడు. అది నా వంతు. అల్లుడు కొన్నాడని తెలిస్తే నేను భూపాలపల్లి గడప తొక్కను.

పడవంత సంతోషంతో,
నీ బాపు, సుదర్శన్


భూపాలపల్లి,
10 ఆగస్టు 2025

బాపూ,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు అరుస్తున్నట్టే ఉంది. నడుముకు కాపడం పెట్టుకో, బస్సులు ఎక్కి దిగడం ఆపు.

ఇక్కడ సంతోషంతో పాటు రోత కూడా బోలెడుంది. పడవతో పాటు వచ్చిన పాత లైఫ్ జాకెట్లు విప్పితే లోపల ఎలుక చచ్చి ఎన్నాళ్లయిందో. వరుణ్ ముక్కు మూసుకొని తీసుకెళ్లి పెంటకుప్ప మీద పడేసి కొత్తవి తెచ్చాడు. ఒడ్డు పొడుగునా బీరుసీసాలు, బిర్యానీ ప్యాకెట్లు. నీళ్ల అంచు మీద అడుగు పెట్టాలంటే ఒళ్లు జలదరిస్తుంది. యాభై గజాలు లోపలికి పోతే మాత్రం, బాపూ, అది వేరే లోకం.

ఇంట్లో సంగతి కూడా రాయాలి. అత్తమ్మకు పడవ నచ్చలేదు. మా ఇల్లు కట్ట పక్కనే కదా, వంటింటి కిటికీలోంచి చెరువంతా కనబడుతుంది. మేం పడవెక్కితే ఆమె ముఖం చిన్నదవుతుంది. తిరిగొచ్చేసరికి కట్ట మీద చేతులు కట్టుకొని నిలబడి ఉంటుంది, మేం దిగగానే ఇంట్లోకి పోతుంది. కోపమేమో.

రేడియో గురించి చెబుతా విను. ఒకటి కాదు, రెండు కావాలి. ఒకటి పడవలో, ఒకటి ఇంట్లో అత్తమ్మ దగ్గర. పెద్దది వద్దు, చేతిలో ఇమిడేది చాలు. నీళ్లలో పడినా చెడకూడదు, మునగకూడదు. కాగితాలూ అనుమతులూ ఉంటాయట, అవి వరుణ్ చూసుకుంటున్నాడు. ఎక్కడైనా కొను గానీ సాకేత్ అన్న దగ్గర మాత్రం కొనకు.

నీ రుచిత


బచ్చన్నపేట,
25 ఆగస్టు 2025

దొరికింది బిడ్డా, బంగారంలాంటి రేడియో దొరికింది! కానీ దాని కోసం నేను చూసిన రోత ఇంతా అంతా కాదు.

సాకేత్ దగ్గర కొనొద్దని నువ్వు రాసిన ఉత్తరం నాకు చేరేసరికే వాడి దగ్గర కొనేసి ఉన్నాను. నేను అడగగానే వాడు అటక మీది నుంచి పచ్చరంగు డబ్బాలు రెండు దించాడు. "కాకా, గివి సముద్రంల వాడేటియి. నీళ్లల్ల ఏసినా ఏం గాదు" అని నా ఎడమ చెవిలో నోరు పెట్టి అరిచాడు. సొంత అన్న కొడుకు కదా అని నమ్మాను. ఇంటికి తెచ్చి కుడితి గోలెంలో వేసి చూశాను. బిడ్డా, రాయి వేస్తే రాయి కూడా జర ఆలోచించి మునుగుతుంది! ఇది అడుగున కూర్చొని రెండు బుడగలు వదిలింది. తీద్దామని చెయ్యి పెడితే అంతలో బర్రె మూతి పెట్టి కుడితితో పాటు దాన్నీ నాకింది. చొంగ కారుతున్న ఆ డబ్బాను నీ పెళ్లిలో పెట్టిన తువ్వాలలో చుట్టి మహబూబాబాద్ పట్టుకుపోయి వాడి గాజుబల్ల మీద పెట్టాను. "ఇది చిన్నపిల్లల ఆటవస్తువు కాకా, నువ్వు నిజంగనే నీళ్లల్ల ఏస్తవని నాకేం ఎరుక" అన్నాడు! థూ. బర్రె కూడా నాకి ఊరుకుంది గానీ వాడిలాంటి మాట అనలేదు.

సిగ్గుపడ్డాడో, బర్రె వాసనకు తట్టుకోలేకపోయాడో, వాడే నన్ను సికింద్రాబాద్ తీసుకుపోయాడు. అక్కడ పడవల సామాను అమ్మే ఒక చిన్న దుకాణం. యజమాని నోట్లో గుట్కా, పక్కన ఉమ్మే డబ్బా, ఆ డబ్బా నిండి అంచు దాటింది. నాకు వాంతి వచ్చినంత పనయింది. అయినా మనిషి పని తెలిసినవాడు. మూడు రేడియోలు ముందు పెట్టాడు.

మొదటిది నా మోచేతి అంత పొడుగు. గట్టిగా అరుస్తుంది, నాక్కూడా వినబడింది. అదే తీసుకుందామనుకున్నాను. కానీ నువ్వు చేతిలో ఇమిడేదన్నావని ఆగాను. రెండోదానికి ఎన్ని బటన్లంటే, పప్పు పోసినట్టున్నాయి. మూడోది సబ్బుపెట్టె కంటే జర పొడుగు. తడిచేతికి జారకుండా పక్కలకు రబ్బరు. మాట్లాడే బటను బొటనవేలికి సరిగ్గా తగులుతుంది, కళ్లు పెట్టుకొని వెతుక్కోనక్కర లేదు. ఒకసారి చార్జి చేస్తే పొద్దంతా ఉంటుంది.

నేను ఎట్లా పరీక్ష చేశానో చెప్పనా? నా సంచిని దీక్షిత అనుకొని ఎడమ చంకకు గట్టిగా కరుచుకున్నాను. కుడిచేత్తో ఒక్కొక్క రేడియో పట్టుకొని నొక్కి చూశాను. పిల్లను విడవకుండా ఒక్క చేత్తో నొక్కగలిగింది మూడోది ఒక్కటే. నాకు అంతకు మించి లెక్కలు తెలియవు. తర్వాత బకెట్ నీళ్లు అడిగాను. "గింత ఖరీదు చీజును బకెట్ల ఏస్తవా పెద్దమనిషీ?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. బాత్రూంలోంచి బకెట్ తెప్పించి వేయించాను. మునిగింది, తేలింది, తనంతట తానే ఎర్రదీపం వెలిగించుకుంది! అక్కడే ఎగిరినంత పని చేశాను.

ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా పట్టింది. సముద్రంలో ఆపదకు పదహారో నంబరని ఒకటి ఉంటుందట, ఆ నంబరు మీద పిలిస్తే ఎవరో ఒకరు వింటూనే ఉంటారట. "మీ చెరువు మీద ఎవడు ఇంటడు? రేడియో ఏదన్న కొను, ముందుగాల ఇనెటోళ్లను చూసుకో" అన్నాడు. వినేది మీ అత్తమ్మ కదా, అందుకని రెండింటికీ ఒకే నంబరు పెట్టించాను. ఆమె ఏమీ నొక్కనక్కర లేకుండా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పలకాలంటే మాత్రం ఆ ఒక్క బటను.

భూపాలపల్లి బస్సు డ్రైవరు చేతికి రెండూ ఇచ్చి పంపుతున్నాను. ఒక జాగ్రత్త. మాటిమాటికి పిలిస్తే బ్యాటరీ తింటుంది. పడవ గుట్ట దాటగానే ఒక్కసారి, ఒక్కసారే, "అత్తమ్మా" అని పిలిచి ఊరుకో. ఆమె పలుకుతుంది.

గోలెంలో పెట్టిన చెయ్యి ఇంకా వాసన వస్తున్న
నీ బాపు


భూపాలపల్లి,
15 సెప్టెంబర్ 2025

బాపూ,

ఎట్లా రాయాలో తెలియక రెండు వారాలు ఆగాను. నీ రేడియో పలకడం లేదు.

చూడ్డానికి ముచ్చటగా ఉంది, చేతిలో చక్కగా కూర్చుంటుంది. వరుణ్ కాగితాలు కూడా తెచ్చాడు. ఇంట్లో ఉండి ఈ గదిలోంచి ఆ గదికి మాట్లాడితే మోగింది, దీక్షితకు అదో ఆట. చెరువు మీదికి పోయాక మాత్రం చచ్చిన చేప. ముప్పై ఒకటో తారీకు ఆదివారం గుట్ట దాటి, నువ్వు చెప్పినట్టే ఒక్కసారి "అత్తమ్మా" అని పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. ఏడో తారీకూ అంతే. నిన్నా అంతే. మూడు ఆదివారాలు మూకీ డబ్బాతో మాట్లాడాను. నిన్న నాకు ఎంత అసహ్యమేసిందంటే దాన్ని మోటారు గుడ్డల పెట్టెలో పడేశాను.

ఇంటికొచ్చి అత్తమ్మను అడిగితే "గా డబ్బా ముచ్చట నన్నడుగకు" అని లోపలికి పోయింది. కిటికీలో ఆ రేడియో దీపం వెలుగుతూనే ఉంది. ఇక నేను అడగలేదు. మా ఇద్దరి మధ్య మాటలు ముందే అంతంత మాత్రం.

చెరువు కూడా చూడబుద్ధి కాకుండా ఉంది. వినాయకులను నిమజ్జనం చేసి వెదురు బద్దలు, తడిసిన పరదాలు నీళ్లలోనే వదిలిపోయారు. తెడ్డు వేస్తే చీరముక్కలు వస్తున్నాయి.

దుకాణం వాడు నిన్ను మోసం చేసినట్టున్నాడు. వెనక్కి పంపనా?

రుచిత


బచ్చన్నపేట,
20 సెప్టెంబర్ 2025

రుచితా,

వెనక్కి పంపకు. అది మంచి రేడియో. నా కళ్ల ముందు తేలింది, నా చేతిలో మోగింది. మోసం అక్కడ లేదు.

నీ ఉత్తరం ఐదుసార్లు చదివాను. కిటికీలో దీపం వెలుగుతూనే ఉందని నువ్వే రాశావు. ఇంట్లో ఉంటే మోగుతుందనీ నువ్వే రాశావు. ఇక పాడయింది ఏది? రేడియో కాదు, మనిషి! మీ అత్త విని కూడా పలకడం లేదు. పడవ ఇష్టం లేదు కాబట్టి, కోడలు పిలిస్తే పలకడం చిన్నతనం కాబట్టి, పెట్టె పక్కన కూర్చొని మూతి ముడుచుకుంటుంది. ఛీ! నడి నీళ్లలో సొంత మనుమరాలు ఉందని కూడా లేదా? కొడుకు ఉన్నాడని లేదా? నాకు రెండు చెవులూ పోతే పోయాయి, ఆమెకు ఉండి ఏం చేస్తున్నట్టు? ఆ చెవులు నాకిస్తే నేను రాత్రింబవళ్లు ఆ పెట్టె ముందు కూర్చునేవాణ్ణి.

ఊరుకోలేక మొన్న స్టేషన్ ఘన్‌పూర్ పోయి మీ చిన్నమ్మ మనోరమకు చెప్పాను, బయ్యారం పోయి మా తమ్ముడి బిడ్డ పూజకు చెప్పాను, మహబూబాబాద్‌లో సాకేత్‌కు చెప్పాను. "గామె ముందు నుంచి గంతే పెదనాయినా" అని పూజ కూడా అన్నది. సాకేత్ అయితే నవ్వాడు. "కాకా, నా డబ్బా మునిగింది, నీ డబ్బా మూగది" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్టుంది.

మీ అత్తతో నువ్వేం అనకు. నేనే వచ్చి అడుగుతాను.

బాపు


భూపాలపల్లి,
28 సెప్టెంబర్ 2025

బాపూ,

రాకు. దయచేసి ఇప్పుడు రాకు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఇంట్లో లేను. దీక్షిత తీసుకుంది. తాత ఉత్తరం వస్తే చదివి నానమ్మకు వినిపించడం దానికి అలవాటు, నాకు తెలియకుండానే అయిన అలవాటు. గడపలో కూర్చొని, అక్షరం పోకుండా, గొంతెత్తి చదివింది. చెవులు నాకిస్తే అన్న మాటతో సహా. "చిన్నతనం అంటే ఏంది నానమ్మా?" అని నడుమ ఆపి అర్థం కూడా అడిగిందట.

అత్తమ్మ అంతా విన్నది. ఏడవలేదు, కేకలు వేయలేదు. "మీ తాత గూడ పల్లెటూరి మనిషే గద బిడ్డా. గంత మాత్రం తెల్వదా?" అని మాత్రం అన్నదట. లేచి పోయి పశువులకు నీళ్లు పెట్టింది. అప్పటి నుంచి నా చేతి అన్నం తినడం లేదు, తనే వేరే వండుకుంటోంది. నా మీద నాకే రోతగా ఉంది. మా ఇంటి సంగతులు నీకు రాసినందుకు, ఆ మాటలు నువ్వు మూడు ఊళ్లు తిప్పినందుకు. చుట్టాలందరికీ ఆమెను చెడ్డదాన్ని చేశావు. ఈ ఇంట్లో ఉండాల్సింది నేను, నువ్వు కాదు.

రేడియోను మాత్రం ఆమె కిటికీలోంచి తీయలేదు. ఎందుకో మరి.

సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది. పండుగ దాటాక ఒక్కసారి పడవ తీసి, తర్వాత అమ్మేద్దామంటున్నాడు వరుణ్.

రుచిత


భూపాలపల్లి,
6 అక్టోబర్ 2025

బాపూ,

మేం ముగ్గురం క్షేమం. ముందు అది చదువుకో, తర్వాత మిగతాది.

నిన్న ఆదివారం పడవ తీశాం. వారంరోజుల వానలకు చెరువు నిండి, మిగులు నీళ్లు అలుగు గోడ దాటి దుముకుతున్నాయి. గుట్ట దాటి మలుపు తిరిగామో లేదో మోటారు గురగురమని ఆగిపోయింది. వరుణ్ ఎత్తి చూస్తే ఫ్యాను చుట్టూ బతుకమ్మ పూలు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లు, ఎప్పటిదో వినాయకుడి పరదా, జడలా అల్లుకొని బిగుసుకుపోయి ఉన్నాయి. కుళ్లిన బంతిపూల వాసన. పూలు గంగమ్మకు, సరే, కవర్లు ఎవరికి? కత్తితో కోస్తుంటే తెగవు, జారుతాయి. ఈలోపు గాలి మమ్మల్ని అలుగు దిక్కు నెడుతోంది. ఆ హోరు వినబడుతోంది. ఫోను చచ్చింది. తెడ్డు ఒకటే.

గుడ్డల పెట్టెలోంచి రేడియో తీశాను. ఎడమ చేత్తో దీక్షితను ఛాతీకి కరుచుకున్నాను, కుడిచేత్తో నొక్కాను. సంచితో నువ్వు చేసిన పరీక్ష గుర్తొచ్చింది, బాపూ. "అత్తమ్మా" అన్నాను. ఏం లేదు. భయంతో ఆగలేకపోయాను. బ్యాటరీ పోతే పోయిందని మళ్లీ "అత్తమ్మా" అన్నాను. మళ్లీ. మూడోసారి నా నోట్లో మాట పూర్తి కాకముందే, చెవి పక్కనే ఉన్నట్టు, "ఇంటున్న బిడ్డా, ఇంటున్న! ఏడున్నరు?"

నేను ఏడ్చేశాను. చెప్పలేక చెప్పాను. "అలుగు దిక్కు పోతున్నం." "పిల్లను ఇడువకు. నేను పోతున్న" అన్నది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని మనిషి కట్ట పొడుగునా ఉరికిందట. తండా రేవులో వలలు ఆరేసుకుంటున్న బాల్‌సింగ్‌ను వెంటబెట్టుకొచ్చింది. అతను తట్టలాంటి పుట్టి పడవ వేసుకొని వచ్చి తాడు విసిరాడు. అప్పటికి అలుగు గోడ మా ఇంటి వాకిలంత దూరంలో ఉంది.

ఒడ్డుకొచ్చాక అత్తమ్మ కట్ట మీద ఎప్పట్లాగే చేతులు కట్టుకొని నిలబడి ఉంది. దగ్గరికి పోయి చూస్తే, అవి కట్టుకున్న చేతులు కావు బాపూ. వణకకుండా తనను తను పట్టుకున్న చేతులు.

రాత్రి ఆమె పక్కన కూర్చొని అడిగాను. "ఇన్ని ఆదివారాలు ఎందుకు పలకలేదు అత్తమ్మా?"

"ఒక్కపారే పిలిస్తివి గద బిడ్డా. నీళ్ల దిక్కు నుంచి మనిషి కానరాకుండ పేరన్న వరుసన్న పెట్టి పిలిస్తే, మొదటి పిలుపుకు పలుకుతరా ఎవరన్న? రెండోదానికి గూడ పలుకద్దు. దయ్యం రెండుపార్లే పిలుస్తది, మూడోపారి పిలిస్తెనే మనిషి. మా అక్క చిన్నప్పుడు గీ చెరువు కాడనే ఒక్క పిలుపుకు ఓ అన్నది. పోయి రాలే."

"మరి ఫోనుకు పలుకుతవు కదా?"

"గది మోగుతది, నేనే ఎత్తుత. గిది అట్ల గాదు, నీళ్ల మీదికెల్లి దానంతటదే పిలుస్తది. అయితె ప్రతి ఆదివారం పెట్టె కాడనే కూసున్న. ఒకపారి పిలుస్తవు, ఊకుంటవు. రెండోది ఎప్పుడొస్తదా అని ఊపిరి బిగవట్టుకుని ఉంటి. రాదు. ఇగ నా పానం ఆగక కట్ట మీదికి ఒస్తుంటి, మీరు కనవడేదాంక."

అదీ సంగతి. నేను కోపమనుకున్నది అది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "పడవల పోయేటోళ్లకు గసోంటి ముచ్చట చెప్తరా, అపశకునం గాదా?" అన్నది.

ఇవాళ పొద్దున నా చేతి అన్నం తిన్నది.

రుచిత


బచ్చన్నపేట,
11 అక్టోబర్ 2025

బతికారు! నా ముగ్గురూ బతికారు! నా బంగారు తల్లీ, నీ ఉత్తరం గడపలో నిలబడి చదివాను, కూర్చొని చదివాను, కొబ్బరికాయ కొట్టి వచ్చి మళ్లీ చదివాను. ఎదురింటివాళ్లు ఏమైందని పరుగెత్తుకొచ్చారు. నేను ఏడుస్తూ నవ్వుతున్నానట.

బాల్‌సింగ్‌కు నా దండం చెప్పు. వచ్చినప్పుడు కాళ్లు పట్టుకుంటాను.

ఇక నన్ను నేను తిట్టుకోవాలి. కుడితి గోలెం, గుట్కా డబ్బా, చచ్చిన ఎలుక అని రాశాం కదా. వాటన్నిటి కంటే రోతగా ఉన్నది నా నోరు. మా అమ్మ నాకు అదే చెప్పి పెంచింది బిడ్డా. పొలం కాడ చీకటి పడ్డాక ఎవరు పిలిచినా మూడోసారికే పలకాలని. నీ చిన్నప్పుడు నీకు నేనే చెప్పాను, మరిచిపోయి ఉంటావు. నేనూ మరిచిపోయాను. చేతిలో కొత్త వస్తువు ఉందని పాత బుద్ధి పారేసుకున్నాను. "గంత మాత్రం తెల్వదా" అని ఆమె అన్నప్పుడన్నా నాకు వెలగాలి కదా! బ్యాటరీ తింటుందని "ఒక్కసారే పిలువు" అని రాసింది ఎవరు? ఈ దరిద్రపు చెయ్యే. మూడు ఆదివారాలు నా బిడ్డను ఒక్క పిలుపుతో ఆపింది నేను, మూడు ఊళ్లు తిరిగి పేరు చెడగొట్టింది ఆ ఇల్లాలిది. ఛీ, ఛీ. అద్దంలో ముఖం చూసుకోబుద్ధి కాక రెండు రోజులు గడ్డం గీసుకోలేదు.

ఒక వింత కూడా చెబుతాను. రేడియోతో వచ్చిన పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఇవాళ మన బడి సారుతో చదివించాను. సముద్రం మీద ఆపద వస్తే ఆపద మాటను మూడుసార్లు చెప్పాలని అందులో అచ్చువేసి ఉంది! ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ పడవలవాళ్లకు ఎవరు చెప్పారో, మీ అత్తమ్మలాంటి మనిషే ఎవరో చెప్పి ఉంటుంది. సికింద్రాబాద్ మనిషి వినేవాళ్లను చూసుకోమన్నాడు. ఉన్నది బిడ్డా, అంతకంటే గట్టిగా వినే మనిషి ఏ ఒడ్డునా ఉండదు. నేను మూడు రేడియోలు చూసి ఒకటి ఎంచుకున్నాను, రెండో చివర కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు.

పడవ అమ్మొద్దని అల్లుడికి చెప్పు. ఫ్యాను చుట్టూ ఇనుప జాలీ వేయించమను. చెరువులో పండుగ కవర్లు ఏరడానికి నేను వస్తాను, గోలెంలో పెట్టిన చెయ్యే కదా, దానికి రోత లేదు. ఆ రేడియోను మోటారు గుడ్డల పెట్టెలో ఇంకోసారి పెట్టకు, మెడకు తాడు కట్టి వేసుకో.

చెడు మాట ఎక్కడెక్కడ చెప్పానో అక్కడక్కడ మంచి మాట చేరాలి. ఎవరెవరికి చెప్పాలో రాస్తున్నాను, ఒక్కరు కూడా మిగలొద్దు.

మనోరమ చిన్నమ్మ, స్టేషన్ ఘన్‌పూర్. ఈమెకు నేనే పోయి చెబుతాను. ఈమెకు చెబితే ఆ వాడంతటికీ చెప్పినట్టే, చెడు కూడా అట్లాగే పాకింది.

పూజ, బయ్యారం. "ముందు నుంచి గంతే" అన్నది కదా. అవును, ముందు నుంచి అంతే, మంచి మనిషే అని నువ్వు ఫోను చేసి చెప్పు.

సాకేత్, మహబూబాబాద్. వీడికి మాత్రం గట్టిగా చెప్పు. నాది మూగ డబ్బా కాదు, మూడోసారికి పలికింది.

జనగామలో మా ఎల్లక్కకు. ఆమెకు నేను చెడు చెప్పలేదు. అయినా సంతోషపడుతుంది, చెప్పు.

దీక్షితకు వేరే చెప్పనక్కర లేదు, ఈ ఉత్తరం కూడా అదే చదువుతోందని నాకు తెలుసు. చదువు తల్లీ, అక్షరం పోనీయకు.

ఆఖరుకు మీ అత్తమ్మకు, నా చెల్లె బాలనర్సమ్మకు. అన్న తప్పు చేశాడని, చేతులు జోడించాడని. దీక్షితా, ఈ ముక్క చదివేముందు బయటికి పోయి, వాకిట్లో నిలబడి, నానమ్మను తాత పిలిచినట్టు పిలువు. ఒకసారి పిలిచి ఊరుకోకు. మూడోసారికి ఆమె పలికాక చదువు.